పాటే సభ అయిన చోట: సొవెటో విద్యార్థులు, ‘సరఫీనా’ చిత్రం



ఈ దత్తి ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర చెప్పినవారు. యుద్ధం గెలిచిన రాజు గురించి చెప్పాక, ఆ యుద్ధానికి శిస్తు కట్టిన రైతు గురించి కూడా చెప్పందే పాఠం ముగించేవారు కాదని ఆయన శిష్యులు ఇప్పటికీ తలచుకుంటారు. ఆయన పేరున మాట్లాడమని అడిగినప్పుడు, అలాంటి ఒక చరిత్ర టీచరు, ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఉన్న సినిమా గురించి మాట్లాడాలనుకున్నాను. ఆ సినిమా పేరు ‘సరఫీనా’. 1992లో వచ్చింది. దక్షిణాఫ్రికాలో జాత్యహంకార ప్రభుత్వం మీద తిరగబడిన బడిపిల్లల కథ. పాటలతో, ఆటలతో నడిచే కథ.

కాల్పులు, చిత్రహింసలు ఉన్న కథలో పాటలేమిటని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే నా ఈ ఉపన్యాసం. ముందుగా 1976 జూన్ 16కు వెళ్లాలి.

దక్షిణాఫ్రికాలో నల్లజాతి పిల్లల చదువు ఎలా ఉండాలో 1953 నాటి బంటూ విద్యా చట్టం తేల్చేసింది. దాని వెనక ఉన్న మనిషి హెండ్రిక్ ఫెర్వూర్ట్, తర్వాత ప్రధానమంత్రి అయినవాడు. తెల్లవారి సమాజంలో కొన్ని రకాల కూలిపనులకు మించి నల్లవారికి చోటు లేదనీ, అందుకని వాళ్లకు అంతకు మించిన చదువు అనవసరమనీ అతను చట్టసభలోనే చెప్పాడు. 1975-76లో ఒక్కో తెల్ల విద్యార్థి మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు 644 రాండ్లు. ఒక్కో నల్ల విద్యార్థి మీద పెట్టింది 42 రాండ్లు.

ఈ అరకొర చదువు మీద 1974లో మరో ఉత్తర్వు వచ్చి పడింది. నల్లవారి బడుల్లో పై తరగతులకు లెక్కలు, సాంఘిక శాస్త్రం తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలోనే చెప్పాలన్నది ఆ ఉత్తర్వు. జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవారిని ఉంచిన పేట, అంటే టౌన్‌షిప్, సొవెటో. అక్కడి పిల్లలకు ఆ భాష ఎక్కడ వినిపించేది? పోలీసు నోట, నల్లవారు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన పాస్ పుస్తకం తనిఖీ చేసే ఆఫీసులో, జైల్లో. చాలామంది ఉపాధ్యాయులకే అది సరిగా రాదు. రాని భాషలో టీచరు లెక్క చెబితే, రాని భాషలో పిల్లవాడు పరీక్ష రాయాలి. తప్పితే తప్పు పిల్లవాడిది.

1976 మే నెలలో సొవెటోలోని ఓర్లాండో వెస్ట్‌లోని ఒక బడి పిల్లలు తరగతులు మానేశారు. తర్వాత మరికొన్ని బడులు. జూన్ 13న విద్యార్థులు సమావేశమై ఒక కార్యాచరణ సంఘం పెట్టుకున్నారు. మోరిస్ ఐజాక్‌సన్ హైస్కూలు విద్యార్థి త్సియెత్సి మషినిని అందులో ముందున్నాడు. అతనికి 19 ఏళ్లు. జూన్ 16 బుధవారం పొద్దున్నే వేల మంది పిల్లలు యూనిఫారాల్లో, అట్టల మీద రాసుకున్న నినాదాలతో ఓర్లాండో స్టేడియం వైపు నడిచారు. దారి పొడవునా పాడుతూనే ఉన్నారు. పోలీసులు అడ్డు తగిలినప్పుడూ పాడుతున్నారు. ఆ తర్వాత కాల్పులు.

ఆ రోజు చనిపోయినవారిలో పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ ఒకడు. ఒరిగిపోయిన ఆ పిల్లవాణ్ని ఎంబుయిసా మఖుబో అనే యువకుడు రెండు చేతుల మీదా ఎత్తుకుని పరిగెత్తుతుంటే, పక్కన హెక్టర్ అక్క ఏడుస్తూ పరిగెత్తుతున్న ఫొటోను ‘ది వరల్డ్’ పత్రిక ఫొటోగ్రాఫర్ శామ్ ఎన్‌జిమా తీశాడు. ప్రపంచమంతా ఆ ఫొటో చూసింది. మొదటి రోజు మృతులు 23 మంది అని ప్రభుత్వం చెప్పింది. అల్లర్లు దేశమంతా పాకాక, ప్రభుత్వం వేసిన సిల్లీ కమిషనే మొత్తం 575 మంది చనిపోయారని లెక్క తేల్చింది. ఆఫ్రికాన్స్ ఉత్తర్వును జూలైలోనే వెనక్కి తీసుకున్నారు. మషినిని దేశం విడిచి వెళ్లిపోయి, 1990లో గినీలో ప్రవాసంలోనే చనిపోయాడు. మఖుబో కూడా దేశం దాటాడు. 1978లో నైజీరియా నుంచి తల్లికి ఉత్తరం రాశాడు. ఆ తర్వాత అతని జాడ తెలియలేదు.

ఇప్పుడు పాట సంగతి. ఆ పిల్లలు ఆ రోజు పాడినవాటిలో ‘ఎన్‌కోసి సికెలెల్ ఐఆఫ్రికా’ ఉంది. దాన్ని 1897లో ఈనాక్ సొంటొంగా కట్టాడు. ఆయన జొహానెస్‌బర్గ్‌లో మిషన్ బడి ఉపాధ్యాయుడు. అంటే ఆ పాట పుట్టిందే బడిలో. ఈ రోజు దక్షిణాఫ్రికా జాతీయగీతంలో అది ఒక భాగం. మరో పాటగాడు వుయిసిలే మీని. కార్మిక నాయకుడు, మంచి బేస్ గొంతు ఉన్నవాడు. ఫెర్వూర్ట్‌ను హెచ్చరిస్తూ అతను కట్టిన పాట దేశమంతా పాడుకుంది. 1964 నవంబరులో ప్రిటోరియా జైల్లో మీనిని ఉరితీశారు. ఉరికంబం దగ్గరికి పాడుతూ వెళ్లాడని తోటి ఖైదీలు చెప్పారు.

సభలు నిషేధించారు, పార్టీలు నిషేధించారు, కరపత్రం దొరికితే జైలు. కానీ నలుగురు చేరి పాడడాన్ని ఆపడం అంత సులువు కాదు. మన ఊళ్ల భజన గోష్ఠిలో ఒకరు చెబితే మిగిలినవారు అందుకున్నట్టే అక్కడా ఒక గొంతు ఎత్తుకుంటుంది, వంద గొంతులు అందుకుంటాయి. పుస్తకం అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, నాయకుడి పేరు బయటపడదు. 1980లలో అంత్యక్రియలే రాజకీయ సభలయ్యాయి. శవపేటిక వెంట నడిచే జనం పాడుతూ, ఒకే లయలో కాళ్లు తాటిస్తూ వెళ్తారు. దాన్ని టోయి టోయి అంటారు. ముందున్న పోలీసు వరసకు ఆ అడుగుల చప్పుడు పాట కంటే ముందు వినిపిస్తుంది. చివరికి ఆ అంత్యక్రియల మీద కూడా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఒక ప్రభుత్వం శవయాత్రలో పాటకు భయపడిందంటే ఆ పాట చేస్తున్న పని ఏమిటో మనకు అర్థం కావాలి. ఆ దేశంలో పాట పోరాటానికి పైపూత కాదు. జనం ఒకచోట చేరింది పాటలోనే.

ఈ సంప్రదాయంలోంచే ఎంబొంగెనీ ఎన్‌గెమా వచ్చాడు. మొదట గిటార్ వాయించేవాడు. పెర్సీ ఎమ్‌ట్వా, బార్నీ సైమన్‌లతో కలిసి 1981లో ‘వోజా ఆల్బర్ట్’ అనే నాటకం చేశాడు. తర్వాత టౌన్‌షిప్‌ల పిల్లలను పోగుచేసి, వాళ్లకు ఆటా పాటా నటనా నేర్పి ‘సరఫీనా’ తయారుచేశాడు. సంగీతంలో అతనికి తోడు నిలిచినవాడు ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసకేలా. అప్పటికి పాతికేళ్లకు పైగా ప్రవాసంలో ఉన్నాడాయన. 1987లో జొహానెస్‌బర్గ్‌లోని మార్కెట్ థియేటర్‌లో తొలి ప్రదర్శన. ఆ థియేటర్ ఉన్నది ఒకప్పుడు ఇండియన్ ఫ్రూట్ మార్కెట్ అని పిలిచిన భవనంలో. 1976 జూన్‌లో, సొవెటో కాల్పులు జరిగిన వారంలోపే, అది నాటకశాలగా తెరుచుకుంది. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని నాటకం చూసిన అరుదైన చోట్లలో అదొకటి.

నాటకం 1988 జనవరిలో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకి వెళ్లి ఏడాదిన్నర ఆడింది. చివర్లో బడిపిల్లలు ఒక ప్రదర్శన ఇస్తారు. జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలాగా సరఫీనా నటిస్తుంది. ఆ దృశ్యం ఆడుతున్న రోజుల్లో మండేలా నిజంగా జైల్లోనే ఉన్నాడు. ఎప్పుడు విడుదలవుతాడో, అసలు అవుతాడో లేదో ఎవరికీ తెలియదు. 1990 ఫిబ్రవరి 11న అతను బయటికి నడిచి వచ్చాడు. దానికి రెండున్నరేళ్ల ముందే బడిపిల్లలు ఆ విడుదలను రంగస్థలం మీద జరుపుకున్నారు.

దాన్ని సినిమాగా తీసిన నిర్మాత అనంత్ సింగ్, డర్బన్‌లో పుట్టిన భారత సంతతి దక్షిణాఫ్రికన్. దర్శకుడు డారెల్ రూట్. సొవెటోలోనే తీశారు. జాతి ప్రకారం మనుషులను నమోదు చేసే చట్టం 1991లో రద్దయింది కానీ నల్లవారికి ఓటుహక్కు ఇంకా రాలేదు. ఆ సంధికాలపు సినిమా ఇది. నాటకంలో టీనేజీలోనే సరఫీనా పాత్ర వేసిన లెలేటి ఖుమాలోయే సినిమాలోనూ సరఫీనా. చరిత్ర టీచరు మేరీ మసెంబుకోగా వూపీ గోల్డ్‌బర్గ్, హెడ్మాస్టరుగా జాన్ కానీ, తల్లిగా మిరియం మకేబా.

కథ 1980లలో ప్రభుత్వం విధించిన అత్యవసర పరిస్థితి రోజుల్లో జరుగుతుంది. బడి చుట్టూ సైనికులు. సరఫీనా ఇంట్లో గోడ మీద మండేలా ఫొటో ఉంటుంది. ఆ అమ్మాయి ఆయనతో మాట్లాడుతూ ఉంటుంది, చనువుగా, ఇంట్లో పెద్దవాడితో మాట్లాడినట్టు. సినిమా తార కావాలని ఆమె కోరిక. మేరీ టీచరు సిలబస్‌లో లేని చరిత్ర చెబుతుంది. పిల్లలను పాడిస్తుంది. ప్రార్థన గీతం కూడా వాళ్ల లయలోకి వచ్చేసరికి ఉత్సాహంగా మారిపోతుంది. ఆ సంగీతం పేరు ఎంబకాంగా. టౌన్‌షిప్‌లలో 1960ల నుంచి గిటార్లతో, హుషారైన బేస్ నడకతో పెరిగిన సంగీతం. విన్నవాడి కాలు ఆగదు.

కొన్ని పాటల్లో నాకు అసంతృప్తి ఉంది. మైకేల్ జాక్సన్ పాటలకు నృత్యాలు కూర్చిన మైకేల్ పీటర్స్ ఈ సినిమాకు పనిచేశాడు. ఆట మైదానంలో పిల్లలు వరసలు కట్టి ఆడే చోట అమెరికన్ వేదిక నునుపు కనిపిస్తుంది. సొవెటో దుమ్ము కనబడదు. అంత్యక్రియల పాటకు వచ్చేసరికి ఆ నునుపు మాయమవుతుంది. అక్కడ కెమెరా నటుల ముఖాల మీద ఆగుతుంది. ఆ ముఖాల్లో చాలావాటికి నటన అవసరం లేదు. అలాంటి శవయాత్రల్లో నిజంగా నడిచిన పిల్లలు వాళ్లు.

ఈ సినిమాను నేను గౌరవించడానికి అసలు కారణం సబేలా సన్నివేశం. సబేలా నల్లజాతి కానిస్టేబులు. తెల్ల ప్రభుత్వం తరఫున తన జనం మీదే లాఠీ ఎత్తేవాడు. పిల్లల మీద తుపాకీ పేలుస్తాడు. ఆ తర్వాత గుంపు అతని ఇంటి మీద పడి అతన్ని సజీవంగా తగలబెడుతుంది. సరఫీనా ఆ గుంపులో ఉంటుంది. అక్కడ పాట లేదు. ఎన్‌గెమా పాటకు చోటివ్వలేదు. పైగా సబేలా పాత్ర వేసింది ఎన్‌గెమాయే. ఈ పిల్లలందరికీ పాటలు కట్టి ఇచ్చిన మనిషి, వాళ్ల చేతుల్లో కాలిపోయే పాత్రను తనే తీసుకున్నాడు. పీడితుల పక్షాన తీసిన సినిమాలు తరచుగా పీడితులను దేవతలను చేస్తాయి. 1980ల టౌన్‌షిప్‌లలో ప్రభుత్వ ఏజెంట్లని అనుమానించిన వాళ్లను మెడలో టైరు వేసి కాల్చిన ఘటనలు నిజంగా జరిగాయి. కాలిన వాళ్లలో నిర్దోషులూ ఉన్నారు. ఎన్‌గెమా ఆ నిజాన్ని తన ప్రేక్షకుల ముందు పెట్టాడు. ఒక మనిషిని తగలబెట్టిన చేతులు ఆ తర్వాత ఏమవుతాయన్న ప్రశ్నను సరఫీనా చివరిదాకా మోస్తుంది.

అరెస్టు, చిత్రహింసలు, విడుదల. బయటికి వచ్చిన సరఫీనా తల్లి దగ్గరికి వెళుతుంది. తల్లి ఒక తెల్లవారి ఇంట్లో పనిమనిషి. అంతకుముందు కూతురికి ఆ పని చిన్నతనంగా ఉండేది. వంగి పనిచేసే అమ్మను చూసి సిగ్గుపడేది. ఇప్పుడు క్షమించమంటుంది. తుపాకులు లేని, కేకలు లేని ఈ సన్నివేశం సినిమా మొత్తానికీ గుండెకాయ. అక్కడ తల్లిగా నిలబడిన మిరియం మకేబా 1959లో దేశం విడిచి వెళ్లిన గాయని. 1960లో తన తల్లి చనిపోతే అంత్యక్రియలకు రావడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1963లో ఐక్యరాజ్యసమితిలో జాత్యహంకార పాలనకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు పౌరసత్వం తీసేసింది. ముప్పయ్యేళ్లు పరాయి దేశాల్లో పాడి, 1990లో తిరిగి వచ్చింది. కన్నతల్లి ఆఖరి చూపుకు నోచుకోని ఆ మనిషి ముందు నిలబడి ఒక కూతురు అమ్మా క్షమించు అంటుంది. దర్శకుడు అక్కడ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు.

మేరీ టీచరు జైల్లో చనిపోతుంది. అది కల్పన అనుకునేవారికి అహ్మద్ తిమోల్ గురించి చెప్పాలి. ఆయనా బడి పంతులే, భారత సంతతివాడు. 1971 అక్టోబరులో జొహానెస్‌బర్గ్ పోలీసు కేంద్రం జాన్ ఫోర్స్టర్ స్క్వేర్ పదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆత్మహత్య అని 1972లో తీర్పు ఇచ్చారు. కుటుంబం దశాబ్దాలపాటు పట్టు విడవలేదు. 2017లో విచారణ మళ్లీ తెరిచిన న్యాయమూర్తి, అది హత్య అని తేల్చారు. నలభై అయిదేళ్లు దాటాక వచ్చింది ఆ మాట. నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో 1977 సెప్టెంబరులో పోలీసు కస్టడీలోనే చనిపోయాడు. ఇలా చనిపోయినవాళ్లు ఇంకెందరో.

ఈ సినిమా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఒకటి చెబుతాను. 1976ను, 1980లను ఇది కలిపేసింది. ప్రేక్షకుడికి ఏ ఘటన ఎప్పటిదో తెలియదు. మషినిని వంటి నిజమైన విద్యార్థి నాయకులు ఇందులో లేరు. వాళ్ల చర్చలు, కార్యాచరణ సంఘం, ఒక బడి నుంచి మరో బడికి పాకిన ఏర్పాట్లు ఏవీ లేవు. పేరున్న నటి రావడంతో బరువు టీచరు వైపు ఒరిగింది. మేరీ చెబితేనే పిల్లలకు తెలిసినట్టు, ఆమె పోతేనే తిరగబడినట్టు అనిపిస్తుంది. నిజానికి జూన్ 16 ఊరేగింపును పిల్లలే తలపెట్టారు, పిల్లలే నడిపారు. పెద్దల్లో చాలామందికి ముందుగా తెలియదు. ఈ ఘనత ఆ పిల్లలకు దక్కాల్సిందే.

తెలుగువాళ్లుగా మనకు సంబంధించిన ఒక చేదు విషయం కూడా దాటవేయలేను. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయులను కూలి ఒప్పందం మీద నటాల్ చెరుకు తోటలకు తీసుకెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల పిల్లలు 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ల మనవళ్లూ మునిమనవళ్లూ ఇప్పటికీ అక్కడున్నారు. 2002లో ఎన్‌గెమా జులూ భాషలో ఒక పాట విడుదల చేశాడు. భారతీయులు జులూలను అణగదొక్కుతున్నారని మొత్తం జాతినే నిందించే పాట. మండేలా అతన్ని క్షమాపణ చెప్పమన్నాడు. ప్రసార ఫిర్యాదుల కమిషన్ దాన్ని విద్వేష ప్రసంగంగా తేల్చింది.

భారతీయ వ్యాపారులకూ జులూ కూలీలకూ మధ్య నిజమైన కష్టాలు, అపనమ్మకాలు ఉన్నాయి. 1949లో డర్బన్‌లో రక్తపాతమూ జరిగింది. 1984లో జాత్యహంకార ప్రభుత్వం నల్లవారిని బయట ఉంచి భారతీయులకు విడిగా ఒక చట్టసభ ఇచ్చి విడదీయాలని చూసింది. భారతీయ ఓటర్లలో అయిదింట నాలుగు వంతుల మంది ఆ ఎన్నికను బహిష్కరించారు. ఈ చరిత్ర తెలిసిన మనిషి, ‘సరఫీనా’ రాసిన మనిషి, అలాంటి పాట కట్టడం తప్పు. ఒక జాతి మొత్తాన్ని ఒకే గాటన కట్టే ఆ ఆలోచన, బంటూ విద్యా చట్టం రాసినవాళ్ల ఆలోచనే. 2023 డిసెంబరులో ఎన్‌గెమా కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన్ని తలచుకున్నప్పుడు రెండూ చెప్పాలి. ఆ పాట తప్పయినంత మాత్రాన ‘సరఫీనా’ విలువ తగ్గదు, ‘సరఫీనా’ గొప్పదయినంత మాత్రాన ఆ పాట ఒప్పు కాదు.

ఒక భాషను బలవంతంగా రుద్దినందుకు రక్తం చిందిన ఆ దేశం 1996 రాజ్యాంగంలో పదకొండు భాషలను అధికార భాషలుగా గుర్తించింది. వాటిలో ఆఫ్రికాన్స్ కూడా ఉంది. దాన్ని మాట్లాడేవాళ్ల మీద పగ తీర్చుకోలేదు. అదే రాజ్యాంగంలో, ప్రజలు వాడే ఇతర భాషలను గౌరవించి ప్రోత్సహించాలన్న చోట తెలుగు పేరు కూడా రాసి ఉంది. చెరుకు తోటల్లోకి వెళ్లిన మన కూలీల భాషకు ఆ చోటు దక్కినందుకు, ఆ భాష ఒక్క ముక్కా తెలియని సొవెటో పిల్లలకు మనం బాకీ ఉన్నాం.

విద్యార్థులకు ఒక మాట చెప్పి విరమిస్తాను. ‘సరఫీనా’ చూడండి. పాటల భాష తెలియకపోయినా చూడండి. చూశాక త్సియెత్సి మషినిని, హెక్టర్ పీటర్సన్, ఎంబుయిసా మఖుబో, శామ్ ఎన్‌జిమా ఎవరో విడిగా చదవండి. ఆ పేర్లు సినిమాలో మీకు దొరకవు. ఉపాధ్యాయ మిత్రులకు మనవి: హింస ఎక్కువగా ఉంది కాబట్టి పై తరగతులకే చూపించండి. చూపించిన మర్నాడు ఒక పీరియడ్ వాళ్లకు వదిలేయండి. సబేలాను కాల్చిన సన్నివేశం గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి, మీరు వినండి.